బిస్కెట్ డబ్బాలో అక్షరాలు

నా పేరు బాదు.
మా మాటల్లో పదో కాన్పు అని అర్థం.
లెక్క తప్పకుండా మా అమ్మ నాకు అతికించిన నంబరు.
అందుకేనేమో ఈ సువామె మ్యాగజీన్‌లో
ఇంజన్లు విప్పే పని అందరికీ పోయి
బండ్ల పేర్లు విప్పే పని నాకు మిగిలింది.

మ్యాగజీన్ అంటే ఇక్కడ పుస్తకం కాదు,
తెల్లదొరల కాలంలో తుపాకుల కొట్టు ఉండేదట.
తుపాకులు పోయాయి. పేరు ఊడలేదు.
మంచి జిగురు.

గాలం దారం, కాస్త కిరోసిన్, మిట్టమధ్యాహ్నపు ఎండ,
ఇవే నా సామాన్లు.
అక్షరం వెనక దారం దూర్చి రంపంలా లాగుతానా,
ఏ జర్మనీ చలిలోనో అంటుకున్న ఎల్
కుమాసి ఎండకు మెత్తబడి నా అరచేతిలో పడుతుంది.

ఎల్ అంటే లగ్జరీ.
జీఎల్ అంటే ఇంకా గొప్ప లగ్జరీ:
తలుపుకో గుడ్డ జేబు, ముందర ఒక గడియారం.
అదీ ఆగిపోయి ఉంటుంది.
చివర బుల్లి ఐ కనిపిస్తే ఇంజెక్షన్.
"మలేరియా వచ్చిందా దీనికి?" అన్నాడు
కొత్తగా పనిలో చేరిన డార్కో. వాడు నవ్వలేదు.

బెంజి వ్యాను, రెండు వందల ఏడు డీ.
రెండంటే రెండు టన్నుల పైచిలుకు బరువు,
ఏడంటే డెబ్బై గుర్రాలు, కాస్త అటూ ఇటూగా,
డీ అంటే డీజిల్.
లోపల ఇరవై ముగ్గురు మనుషులు, టాపు మీద పెండలం బస్తాలు, ఒక మేక.
గుర్రాల్ని ఎవరడిగారు?

నాలుగు సిలిండర్ల డొక్కు కారుకు
వీ సిక్స్ కావాలని వస్తారు పెళ్లీడు కుర్రాళ్లు.
అమ్ముతాను. అక్షరానికి పెట్రోలు అక్కర్లేదు.
కేజెతియా బజారులో బట్టలమ్మే సఫోవా మాత్రం
కొన్న వారానికే అన్నీ పీకించేసింది.
"మా మేనల్లుళ్లకి చదువొచ్చు" అంది,
"బండి వెనక చదివి ఫీజులకొస్తారు."
ఊడిన చోట రంగు ముదురుగా మిగిలింది,
ఉంగరం తీసిన వేలిలా.
దానికీ పాలిష్ పెట్టమంది.

నిన్న ఓపోంగ్ వచ్చాడు, టాక్సీ వేసుకుని.
ఓపెల్ ఆస్ట్రా. ఆస్ట్రా అంటే నక్షత్రాలట,
చర్చి బడిలో లాటిన్ చదివిన అంపోఫో మాస్టారు చెప్పారు.
ఒబువాసి రోడ్డు గుంతల్లో ఎస్ ఎప్పుడో రాలిపోయింది,
ఆ తర్వాతి వానాకాలంలో ఆర్.
మిగిలినవి ఏ, టీ, ఏ.
కలిపి చదివితే ఆటా. మాలో కవలని అలాగే పిలుస్తాం.

డబ్బా బోర్లించాను.
వెండి రంగుదే ఎస్, సరిగ్గా అదే సైజు. ఆర్ కూడా దొరికింది,
కాలు కొంచెం విరిగింది గానీ దూరానికి తెలీదు.
"రెండూ కలిపి ఇరవై సెడీలు. మళ్లీ నక్షత్రాలైపోతావు" అన్నాను.

ఓపోంగ్ ఎస్‌ని చేతిలోకి తీసుకుని
బొటనవేలితో తుడిచి
మళ్లీ డబ్బాలోనే పెట్టాడు.
"మావాడు పోయి మూడేళ్లు" అన్నాడు.
"సిగ్నల్ దగ్గర నా వెనక ఆగినవాళ్లు
రోజూ వాడి పేరు చదువుతున్నారు.
చివరి ఏ ఊగుతోంది, చూడు."

వాళ్లిద్దరు పుట్టారని నాకు తెలీదు.
పదేళ్లుగా బ్రేకులు, బేరాలు, ఫుట్‌బాలు,
ఇవే మాట్లాడుకున్నాం.

మూడక్షరాలూ విప్పి, గీకి, మళ్లీ అతికించాను.
జిగురు డబ్బులు మాత్రం పుచ్చుకున్నాను.
"ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకో, పది నిమిషాలు" అని చెప్పి
వేరే బండి కిందికి దూరాను.
బయటికొచ్చి చూస్తే నీడ అవతలి గోడెక్కింది.
ఓపోంగ్ ఇంకా నొక్కి పట్టుకునే ఉన్నాడు.